సెల్ఫ్ పోయిన బండి

మా ఆఫీసు పికప్ బండిని చంపింది నేనేనని ఇప్పటికీ కొందరు అంటారు. నేను చేసిందల్లా ఒక మాటను తెలుగులోకి మార్చడం.

పశుక్షేమ శాఖ, గుట్టమీదపల్లె డివిజన్ ఆఫీసులో నేను కనిష్ఠ సహాయకుణ్ణి. అంతకు ముందు జూనియర్ అసిస్టెంటుగా ఉండేవాణ్ణి. శుద్ధ భాషా పక్షోత్సవాలు మొదలైన రోజు ఉదయం పదిన్నరకు కనిష్ఠ సహాయకుణ్ణయ్యాను. పని అదే, కుర్చీ అదే. ఎవరైనా అడిగితే హోదా చెప్పడానికి మాత్రం కాస్త ఎక్కువ ఊపిరి పట్టేది.

పై ఆఫీసు నుంచి వచ్చిన తాకీదులో సంగతి స్పష్టంగా ఉంది. "పక్షము దినముల పాటు కార్యాలయ దస్త్రములలో గానీ, అధికారుల సమక్షమున జరుగు సంభాషణలలో గానీ పరభాషా పదమొక్కటైననూ కనిపించరాదు, వినిపించరాదు. అట్టి పదము గల దస్త్రమును తిప్పి పంపవలెను. పంపినవారిపై చర్య గైకొనబడును." దానికి తోడు నాలుగు వందల పేజీల పదకోశం ఒకటి పంపారు. ఆఫీసులో దాన్ని పూర్తిగా చదివింది నేనొక్కణ్ణే కాబట్టి నన్ను భాషా శుద్ధి బాధ్యుడిగా నియమించారు. బాధ్యత నాకు తలకెక్కింది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకిప్పుడు మొహమాటం లేదు.

నాలుగు రోజుల్లో ఆఫీసు మొత్తం శుద్ధి చేశాను. ఫ్రిజ్ శీతల పేటిక అయింది, ఫ్యాను పంకా అయింది. మా ఉప సంచాలకులు పినాకపాణి గారు టీ మానేసి తేనీరు అడగసాగారు. టీ కొట్టు అతను రెండు రోజులు ఆలోచించి, వేడి నీళ్ళలో తేనె కలిపి పంపాడు. సారు చివరి బొట్టుదాకా తాగారు. ఆయన గ్యాసు తగ్గిందని తర్వాత తెలిసింది.

ఐదో రోజు పొద్దున డ్రైవరు ఓబులేసు కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

ఓబులేసు ఆ పికప్‌ను పద్దెనిమిదేళ్ళుగా నడుపుతున్నాడు. ఒకప్పుడది తెల్లగా ఉండేదట. ఎడమ తలుపు ఇంకో బండిది, కుడి అద్దం మూడో బండిది, వెనక తలుపుకు కట్టిన తీగ ఒక్కటే మా శాఖ సొంతం.

"సామీ, ఇది పెద్దసారుకు పెట్టు. సెల్ఫ్ పోయిండాది. తాళం తిప్పితే టిక్కుమంటాది, అంతే. ఎనిమిది దినాలుగా తోసుకుంటాండాం," అన్నాడు.

తాళం తిప్పగానే ఇంజన్ను కదిలించి లేపే మోటారును మా సీమలో మెకానిక్కులూ డ్రైవర్లూ సెల్ఫ్ అంటారు. అది పనిచేయకపోతే నలుగురు మనుషులో, ఒక పల్లపు రోడ్డో కావాలి. అందుకే ఓబులేసు బండిని ఆఫీసు పక్కన దిగువలో నిలిపి, చక్రం కింద రాయి పెట్టి ఉంచుతున్నాడు.

"తొందరగా కానీ సామీ. నీలినాలుక టీకా వచ్చిండాది. బీరప్ప వాళ్ళ పల్లెకు పోవాల. దావంతా మిట్టే. నడుమ బండి ఆగితే తోసేదానికి యాడా మనిషుండడు."

వాన మొదలయ్యాక సన్నటి కుట్టుడు పురుగులు తెచ్చే జబ్బు అది. గొర్రెకు నోరు వాచి, నాలుక నీలమై, మేత ముట్టదు. వానలకు ముందే టీకా పడాలి. బీరప్పవి నూట ఎనభై గొర్రెలు. అవి పోతే అతనికి ఇంకేమీ లేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ నేను కాగితంలో చూసింది మాత్రం సెల్ఫ్ అనే పరభాషా పదాన్ని.

పదకోశం తీశాను. సెల్ఫ్ అంటే ఆత్మ. ఉదాహరణలు కూడా ఇచ్చారు: ఆత్మగౌరవం, ఆత్మరక్షణ, ఆత్మవిశ్వాసం. సందేహమే లేదు. అర్జీని శుద్ధి చేసి తిరగరాశాను: "శాఖాపర వాహనమునకు ఆత్మ పోయినది. తగు చర్య గైకొనగోరుచున్నాను." రాశాక రెండుసార్లు చదువుకున్నాను. బాగుంది అనిపించింది.

పినాకపాణి గారు దాన్ని చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఓబులేసును పిలిపించారు.

"ఎప్పుడు పోయింది?"

"ఎనిమిది దినాలైతాంది సార్."

"ఎనిమిది రోజులు. నాకు ఒక్కరూ కబురు చెప్పలేదు."

"తోస్తే పోతాది సార్. అందుకనే చెప్పలా."

"ఇప్పటికే పోయింది గదయ్యా. ఇంకా తోసి ఏం చేద్దామని?" సారు కుర్చీలోంచి లేచారు. "ఆత్మ పోయినదాన్ని ఎనిమిది రోజులు ఊళ్ళో పదిమందీ చూస్తుండగా తోశారా?"

ఓబులేసు నా వైపు చూశాడు. నేను పంకా వైపు చూశాను.

"ఆత్మ గాదు సార్, సెల్ఫ్."

"పరభాషా పదం నా ముందు వాడకు. ఆత్మ కాకపోతే అదేమిటో తెలుగులో చెప్పు."

"అదే సార్... తాళం తిప్పితే లోపల తిరుగుతాదే. ఇంజన్‌కు..."

"అదీ పరభాషే."

"బ్యాటరీ నుంచి కరెంటు..."

"రెండూ."

ఓబులేసు కాసేపు ఆలోచించి, చేతిని గుండ్రంగా తిప్పుతూ "గిర్ర్ర్ర్" అన్నాడు. సారు నా వైపు తిరిగారు. అది ధ్వన్యనుకరణ పదమనీ, వాడుకకు అభ్యంతరం లేదు గానీ సాక్ష్యంగా చెల్లదనీ మనవి చేశాను. అప్పుడే నేను నాలుక కొరుక్కుని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

తర్వాత నిబంధనల వేట మొదలైంది. వాహనాల నిబంధనావళిలో ఆత్మ గురించి అధ్యాయం లేదు. మా శాఖ ఆస్తుల్లో ఆత్మ ఉన్నట్టు కాగితం మీద ఒప్పుకున్నవి విత్తనపు ఆబోతులు మాత్రమే. వాటి కోసం "శాఖాపర జీవముల మరణ నిబంధనలు" అని ముప్పై పేజీల పుస్తకం ఉంది. సారు దాన్ని ముందేసుకుని సాయంత్రానికి ఉత్తర్వు ఇచ్చారు.

"ఆత్మ పోయిన శాఖాపర వాహనమును మృతజీవముగా పరిగణించడమైనది. శవపరీక్ష ముగియువరకు కళేబరమును కదల్చరాదు. కుక్కలు, రాబందులు చేరకుండ కావలి యుంచవలెను. మూడు దినములలోపు ఆరడుగుల గోతిలో సున్నముతో ఖననము గావించి నివేదించవలెను."

అంతకు ముందు తోస్తే కదిలే బండి, ఆ ఉత్తర్వుతో కదలకూడని బండి అయింది.

మర్నాడు పొద్దున మరణ నమూనా పత్రం నింపడానికి కూర్చున్నాను. మొదటి గడి ఆడా మగా అని అడిగింది. ఓబులేసును అడిగితే "పికప్పు సామీ" అన్నాడు. వర్తించదు అని రాస్తే సారు తిప్పి పంపారు. చివరికి ఆబోతు అని రాశాను. జాతి దగ్గర మాత్రం తడుముకోలేదు. తలుపులూ అద్దాలూ తలో బండివీ కాబట్టి సంకరజాతి అని రాశాను. సంతానం గడి ఖాళీగా వదిలేశాను. ఎంత పని ఉన్నా ఒకరి సొంత విషయాల్లో తలదూర్చే అలవాటు నాకు లేదు.

కళేబరాన్ని తెల్లగుడ్డతో కప్పాలని నిబంధన. ఆఫీసులో అంత పెద్ద గుడ్డ లేదు. పక్షోత్సవాల బ్యానరు ఒక్కటే సరిపోయింది. దాని మీద "స్వచ్ఛ భాష - మన శ్వాస" అని రాసి ఉంది. శ్వాస అన్న మాట సరిగ్గా ముందు లైట్ల మీదికి వచ్చింది. కుక్కలు రాకుండా మా అటెండరు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. రాబందుల కోసం అప్పుడప్పుడూ పైకి కూడా చూశాడు. దారిన పోయేవాళ్ళు ఆగి, లోపల ఎవరున్నారని అడిగి, ఎందుకైనా మంచిదని దండం పెట్టి వెళ్ళారు. మధ్యాహ్నానికి రెండు పూలదండలు కూడా పడ్డాయి.

పదకొండింటికి సంతాప సభ. సారు మాట్లాడుతూ, దివంగత వాహనం ఏనాడూ సెలవు పెట్టలేదనీ, ఎండలో వానలో నోరెత్తి ఒక్కమాట అనలేదనీ, ఉద్యోగులందరూ ఆ బాటలో నడవాలనీ అన్నారు. రెండు నిమిషాలు మౌనం పాటించాం. మౌనం మధ్యలో ఓబులేసు ముక్కు చీదాడు. సారు అతని భుజం తట్టారు. అతను ఏడుస్తున్నది బండి చచ్చిందని కాదు, బతికే ఉందని. ఆ తేడా సారుకు చెప్పగల మాటలన్నీ నిషేధంలో ఉన్నాయి.

మధ్యాహ్నం బీరప్ప వచ్చాడు. ఎనిమిది మైళ్ళు నడిచొచ్చాడు. భుజం మీద ఉన్ని కంబడి, చేతిలో కర్ర.

"టీకా తెస్తామంటిరి, రాలేదే సార్. మా పక్కపల్లెలో నాలుగు గొర్రెలకు నోర్లు వాసినాయి. మబ్బు చూస్తే ఇంక వారం గూడా ఆగేట్టు లేదు."

"మా వాహనం కాలం చేసింది," అన్నారు సారు, గంభీరంగా.

బీరప్ప బయటికి చూశాడు. బ్యానరు కింద ఉన్నదాన్నీ దాని మీది దండలనీ చూసి "అయ్యో" అన్నాడు. తర్వాత, "మంచుపెట్టె ఇస్తే నెత్తిన పెట్టుకుని నేనే పోతా. డాక్టరమ్మ ఎనకాల వస్తాది," అన్నాడు.

సారు టీకాల పుస్తకం తెరిచి అతనికి చూపించారు. "టీకా బయటికి పోవాలంటే ఈ గడిలో శాఖాపర వాహన సంఖ్య రాయాలి. నీ తలకు సంఖ్య లేదు. చనిపోయిన వాహనం సంఖ్య రాస్తే అది చనిపోయినవారికి అపచారం. కొత్త వాహనం రాగానే నీకే మొదటి కబురు."

"అదెప్పుడొస్తాది సార్?"

"వారసత్వ ధ్రువీకరణ అయ్యాక."

బీరప్ప వెళ్ళలేదు. గోడ నీడలో కూర్చుని మబ్బును చూస్తూ ఉండిపోయాడు. నా కిటికీలోంచి అతని తలపాగా కనిపిస్తోంది. ఎంత పదకోశం అడ్డం పెట్టుకున్నా కనిపిస్తోంది. నాకు సిగ్గేసింది. లేచి నేరుగా పశువైద్యురాలు కాత్యాయని గారి గదికి వెళ్ళి, నేను చేసిన తర్జుమా గురించి మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాను.

ఆవిడ నవ్వుతుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. నా చేతిలోని నిబంధనల పుస్తకం వైపు చేయి చాపి "ఆ పుస్తకం ఇటివ్వండి," అంది. మరణ నిబంధనలు మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. పద్నాలుగో నిబంధన దగ్గర వేలు ఆగింది. అప్పుడు నవ్వింది.

మూడో రోజు పొద్దున శవపరీక్ష. ఆఫీసు వెనక గోతి తవ్వడం అయిపోయింది. సున్నం బస్తాలు దిగాయి. కాత్యాయని గారు తెల్లకోటు వేసుకుని, వెంట ఒక మనిషిని తీసుకొచ్చింది. అతని పేరు హుసేన్ పీరా. బస్టాండు వెనక మెకానిక్కు. చేతిలో స్పానర్లు, భుజానికి గోనెసంచి, సంచిలో బరువైనదేదో ఉంది.

"ఇతనెవరు?" అన్నారు సారు.

"శవపరీక్ష సహాయకుడు. లోపలి అవయవాలు తీయడానికి," అంది ఆవిడ.

హుసేన్ పీరా గోనె పరిచి బండి కిందికి దూరాడు. కాత్యాయని గారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. నేను కాగితం పట్టుకుని ఆవిడ చెప్పింది రాసుకుంటున్నాను.

"ముందు బ్యాటరీ వైరు పీకాల మేడం. లేదంటే నిప్పురవ్వలొస్తాయి," అన్నాడు కింది నుంచి, సారుకు వినబడకుండా.

"ప్రథమముగా నరము వేరు చేయబడినది," అంది ఆవిడ. రాశాను.

"రెండే బోల్టులు. కిందిది సులువు. పైది యాడుందో ఆ దేవునికే తెలుసు." కాసేపు చప్పుడు, కాసేపు మూలుగు, కాసేపు తిట్లు. తిట్లన్నీ అచ్చతెలుగువే కాబట్టి సారు అభ్యంతరం చెప్పలేదు. చివరికి బారెడు నూనె మరకతో పాత సెల్ఫ్ బయటికి వచ్చింది. హుసేన్ పీరా దాన్ని ఎండలో తిప్పి చూపించాడు.

"చూడండి, పళ్ళన్నీ అరిగిపోయినాయి."

"దంతములు తొమ్మిది, అన్నియు అరిగినవి," అంది కాత్యాయని గారు. "పళ్ళను బట్టి వయసు చెప్పవచ్చు కదా సార్. బాగా ముసలి ప్రాణం."

సారు తలూపారు. పశువుల సంగతి ఆయనకు తెలియనిది కాదు.

అప్పుడు ఆవిడ పుస్తకం తెరిచి పద్నాలుగో నిబంధన పైకి చదివింది. "పరీక్షార్థము తీసిన అవయవము చోట ఏర్పడిన ఖాళీని తత్సమాన పదార్థముతో పూరించి, యథాతథముగా బిగించిన పిమ్మటనే ఖననము చేయవలెను." చదివి సారు వైపు చూసింది. "గడ్డి పెట్టి కుట్టడం ఆబోతులకు సరిపోతుంది. దీనికి తత్సమాన పదార్థం ఇదే దొరికింది సార్."

హుసేన్ పీరా సంచిలోంచి ఇంకో సెల్ఫ్ తీశాడు. అదే రకం పాత పికప్ ఒకటి పాత ఇనప సామాన్లకు పోతే, దాని సెల్ఫ్ విప్పి, తిరగేసి బాగుచేసి, ఓబులేసు అడిగితే ఇచ్చాడట. రెంటినీ పక్కపక్కన పెట్టి పళ్ళు లెక్కపెట్టాడు. తొమ్మిదికి తొమ్మిది.

"నిబంధన ప్రకారమే. అయితే ఈ సహాయకుడికి దస్త్రంలో మంజూరు ఉందా?" అన్నారు సారు.

"దస్త్రమంటే మా దఫ్తరే గద సార్," అన్నాడు హుసేన్ పీరా, మళ్ళీ బండి కిందికి దూరుతూ. "మంజూరు గూడా మా ఉర్దూ మాటే. తాకీదూ మాదే. మా జేజినాయన ఇంట్లో ఇట్లే మాట్లాడుతుండె."

సారు నా వైపు తిరిగారు. నేను పదకోశం వెనక అట్ట దాకా తిరగేశాను. పక్షోత్సవాలు ప్రకటించిన తాకీదే పరభాష అని తేలితే, పక్షోత్సవాలూ లేవు, నా పదవీ లేదు, ఆ మంజూరూ లేదు. పుస్తకం మెల్లగా మూశాను.

ముప్పావు గంటలో పైబోల్టు, కిందిబోల్టు బిగిసిపోయాయి. వైర్లు తగిలించాడు. బ్యాటరీ వైరు ఆఖర్న పెట్టాడు. తిప్పి చూడటానికి మాత్రం వీల్లేదు. తాళం ఓబులేసు దగ్గర ఉంది. ఓబులేసు గోతి దగ్గర ఉన్నాడు. నిబంధన ప్రకారం మృతజీవపు సంరక్షకుడు ఖననం దాకా గోతి ఒడ్డునే నిలబడాలి.

పదిన్నరకు అందరం బండి దగ్గర చేరాం. సారు దండ వేశారు. సున్నం బస్తాలు విప్పారు. "కడసారి సంరక్షకుడు కళేబరాన్ని తాకి వీడ్కోలు చెప్పవలెను," అని పుస్తకం చూసి చదివాను. కొత్త సెల్ఫ్ కూడా టిక్కుమని ఊరుకుంటే ఏమిటి గతి? ఆఫీసు వెనక గోతి సిద్ధంగా ఉంది. బీరప్ప గోడ దగ్గర నిలబడ్డాడు. మంచుపెట్టె కాత్యాయని గారి కాళ్ళ దగ్గర ఉంది. మబ్బు ముందు రోజు కంటే నల్లగా ఉంది.

ఓబులేసు గోతి దగ్గర నుంచి వచ్చి, బ్యానరు తొలగించి, తలుపు తీసి, సీట్లో కూర్చున్నాడు. స్టీరింగు మీద చేయి వేశాడు. సారు కళ్ళు తుడుచుకుని, "పద్దెనిమిదేళ్ళ సేవ..." అని మొదలుపెట్టారు.

ఓబులేసు తాళం తిప్పాడు.

గిర్ర్ర్ర్.

బండి లేచింది. నల్లటి పొగ సారు ఉపన్యాసాన్నీ సారునూ కలిపి కప్పేసింది. హారన్ దానంతటదే మోగడం ఆ బండికి పాత అలవాటు, మోగింది. కుక్కల కావలి అటెండరు కర్ర పారేసి గోడెక్కాడు. పొగ తేరేసరికి కాత్యాయని గారు మంచుపెట్టెతో ముందు సీట్లో ఉంది. బీరప్ప వెనక ఎక్కి కూర్చున్నాడు. హుసేన్ పీరా చక్రం కింది రాయి తన్నేశాడు. ముందు లైట్లకు దండలు వేలాడుతుండగా బండి మిట్ట రోడ్డెక్కి మలుపు తిరిగింది. టీకాల పుస్తకంలో వాహన సంఖ్య గడి నేనే నింపాను.

సారు ముఖం మీది మసి తుడుచుకుని గోతి వైపు చూశారు.

"గోతి తవ్వడం అయింది," అన్నారు చివరికి. "సున్నం వచ్చింది. ఖననం జరిగినట్టు నమూనాలో సంతకాలు కూడా అయ్యాయి. ఏదో ఒకటి పూడ్చాలి గదా."

పాత సెల్ఫ్ గోనె మీద ఉంది. దాన్నే ఆరడుగుల గోతిలో దించి, సున్నం చల్లి, మట్టి వేశాం. ఆత్మను పూడ్చిపెట్టి శరీరాన్ని డ్యూటీకి పంపడం మా శాఖలో మొదటిసారేమీ కాదు గానీ, ఇంత పద్ధతిగా చేయడం మాత్రం అదే మొదలు.

టీకా వేసిన నాలుగో రోజు వాన పడింది. నీలినాలుక టీకాకు అంత తక్కువ గడువు ఇవ్వకూడదట. అయినా కాత్యాయని గారు రోజూ వెళ్ళి చూసి వచ్చింది. నూట ఎనభైలో ఒక్కదానికి కూడా నోరు వాయలేదు. బీరప్ప ఎవరిదో ఫోన్లో నాతో మాట్లాడాడు. "మీ బండి పెద్దకర్మకు చెప్పు సార్, ఒక పొట్టేలు తోలుకొస్తా," అన్నాడు. ఆ మనిషికి ఇంకా విషయం పూర్తిగా అర్థం కాలేదు. చెప్పడానికి నేనూ ప్రయత్నించలేదు.

ఖననం నమూనా అప్పటికే పై ఆఫీసుకు చేరింది. బండి మళ్ళీ లేచి టీకాలకు వెళ్ళిందని ఇంకో నివేదిక పంపాలి. ఈసారి పదకోశం జోలికి పోలేదు. ఏ తప్పూ దొర్లకుండా, ఎవరికైనా అర్థమయ్యేలా, చిన్నపిల్లలు కూడా వాడే రెండు తెలుగు మాటల్లో రాశాను: "బండి పోయింది."

వారం తిరగకుండా జవాబు వచ్చింది. "మీ వాహనము రెండవ పర్యాయము కూడ పోయినదని తెలిసి మిక్కిలి విచారించితిమి. ఒకే మాసమున రెండు మరణములు సంభవించుట మీ కార్యాలయపు నిర్లక్ష్యమును సూచించుచున్నది. గోతిని తిరిగి తవ్వి సిద్ధముగా నుంచవలెను."

ఆ కాగితం ఓబులేసుకు చదివి వినిపించాను. అతను అంతా విని, "ఇంకో పల్లెకు టీకాలున్నాయి సామీ, మాట్లాడేదానికి టైము ల్యా," అని తాళం తిప్పాడు.

బండి మళ్ళీ పోయింది.